రేంబోకి కాఫీ తోట లేదు

సంపాదకుడు గారికి,

ఫ్రెంచి కవి ఆర్తర్ రేంబో గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం కవిత్వం దాకా బాగుంది. ఆయన చివరి పదకొండేళ్లని మాత్రం ‘ఆఫ్రికాలో కాఫీ తోటల యజమానిగా అజ్ఞాతంలో గడిపాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయనకి తోటా లేదు, అజ్ఞాతమూ లేదు. ఇంటికి రాసిన ఉత్తరాలు చాలానే మిగిలాయి. వాటిలో జీతం, సరుకు, దారి, జబ్బు, అన్నీ ఉన్నాయి.

1880 ఆగస్టులో, 25 ఏళ్ల వయసులో అరేబియా తీరంలోని ఏడెన్ రేవులో, కాఫీ వర్తకం చేసే బార్డే కంపెనీలో చేరాడు. మొదటి పని కాఫీ గింజలు ఏరే కొట్టు మీద అజమాయిషీ. ఏడెన్ అప్పుడు బొంబాయి ప్రభుత్వం కింద ఉండేది, రూపాయే చెల్లేది. అక్కడ గింజలు ఏరినవాళ్లలో ఎక్కువమంది మన సిపాయిల భార్యలు. తెలుగు పత్రికలో ఈ ఒక్క సంగతైనా రావాల్సింది. ఆ ఏడాది చివర నెలకి 150 రూపాయల జీతం మీద ఇప్పటి ఇథియోపియాలోని హరార్ వెళ్లాడు.

ఏరడం చిన్న పని అనుకోకూడదు. హరార్ కాఫీని పండు పండుగానే ఎండబెడతారు. మన కాఫీ బోర్డు ‘అరబికా చెర్రీ’ అనే రకం పద్ధతే అది. రెండు నుంచి నాలుగు వారాలు ఎండి, లోపల గింజ గలగలలాడాక తొక్క దంచి తీస్తారు. ఐదారు కిలోల పండుకి కిలో గింజ వస్తుంది. నీళ్ల అవసరం లేదు, నిజమే. కానీ నీళ్ల తొట్టిలో పోస్తే పైకి తేలిపోయే తాలు కూడా ఇక్కడ సరుకులోనే ఉండిపోతుంది. ఉత్త మట్టి మీద ఆరబోస్తే మట్టివాసన పడుతుంది. మందంగా పోసి తిరగేయకపోతే పులుస్తుంది, బూజు పడుతుంది. తేమ 12 శాతం దాటి ఉండగా బస్తాకెత్తితే దారిలోనే చెడుతుంది. ఇక నల్లగింజ, పగులు, పురుగు తొలిచింది, రాయి, తొక్క అన్నీ చేత్తోనే ఏరాలి. పచ్చికాయ గింజ మరీ మోసం. ఏరేటప్పుడు కంటికి ఆనదు, వేయించాక మిగతావన్నీ నల్లబడితే అది పాలిపోయి బయటపడుతుంది. అలా ఏరి ఏడెన్ నుంచి ఓడకెత్తిన హరార్ కాఫీ యూరప్‌లో చాలాచోట్ల యెమెన్ రేవు ‘మోకా’ పేరుతోనే అమ్ముడుపోయింది.

హరార్‌లో తూకం ఫరాసులాల్లో. ఫరాసులా అంటే సుమారు 17 కిలోలు. చెల్లే డబ్బు మరియా థెరిసా వెండి నాణెం, ఒక్కోటి 28 గ్రాములు. వెయ్యి నాణేల సరుకు కొనాలంటే 28 కిలోల వెండిని రేవు నుంచి పైకి మోయించాలి. హరార్ నుంచి సోమాలీ తీరంలోని జైలా రేవుకి దాదాపు 300 కిలోమీటర్లు. కొండ దిగాక గిల్దెస్సాలో సరుకు ఒంటెల మీదకి మారేది. తొలిసారి ఈ దారిన రావడానికి రేంబోకి గుర్రం మీద 20 రోజులు పట్టింది.

ఇథియోపియాలోని షోవా రాజు మెనెలిక్‌కి తుపాకులు తీసుకెళ్లిన బేరం 1887లో ముగిసింది, అందులో పెద్దగా మిగల్లేదు. 1888 నుంచి ఏడెన్ వర్తకుడు సెజార్ తియాన్‌తో కలిసి హరార్‌లో సొంతంగా కొట్టు నడిపాడు. బానిసల వ్యాపారం చేశాడన్న మాటకి ఆధారం లేదు. అయితే 1889లో తనకోసం ఇద్దరు బానిస కుర్రాళ్లని పంపమని ఒక స్నేహితుడికి రాశాడు, ఆయన కుదరదన్నాడు. ఇదీ చెప్పాలి, దాచకూడదు.

1891 ఏప్రిల్‌లో మోకాలు వాచి నడవలేక, 16 మంది మోసిన డోలీలో అదే కాఫీ దారిన జైలాకి దిగాడు. మే 27న ఫ్రాన్స్‌లోని మార్సేలో కాలు తీసేశారు. నవంబరు 10న పోయాడు, 37 ఏళ్లకి.

మీరు ‘రేంబో ఇల్లు’ అని వేసిన చెక్క మేడ ఫొటో కూడా సవరించాలి. దాన్ని ఆయన పోయాక ఒక భారతీయ వర్తకుడు కట్టించాడు. దాని బదులు 1883లో హరార్‌లో రేంబో తీసుకున్న సొంత ఫొటోల్లో కాఫీ తోటలో నిలబడ్డది వేయాల్సింది. తోట యజమాని అన్న పొరపాటు దాన్ని చూసే పుట్టిందేమో. కడిగిన నీళ్లు మంచివి కాక ఫొటోలు తెల్లబడిపోయాయని ఆయనే ఇంటికి రాశాడు.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం