లారీల నిబంధనలు మారినప్పుడు వాటిని బాగుచేసే చిన్న షాపులనూ తలచుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటికో పారిశ్రామికవేత్త ఎదగాలని, రాష్ట్రంలోని 175 నియోజకవర్గాల్లోనూ చిన్న పరిశ్రమల పార్కులు రావాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన నాటి నుంచి, యువత ఏ వ్యాపారం మొదలుపెడితే నిలదొక్కుకోగలదన్న చర్చ పత్రికల్లో విరివిగా సాగుతోంది. ఆ చర్చలో ఆహారశుద్ధి ఉంది, దుస్తుల తయారీ ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది. లారీలను నమ్ముకొని నడిచే చిన్న వ్యాపారాలు మాత్రం దాదాపు లేవు. దేశంలో సరుకు రవాణా సుమారు 70 శాతం రోడ్ల మీదనే జరుగుతోంది. ఆ సరుకు మోసే లారీకి బాడీ కట్టేవారు, కమాను పట్టీలు సరిచేసేవారు, అరిగిన టైర్లకు కొత్త ట్రెడ్ వేసేవారు, విడిభాగాలు అమ్మేవారు లేకపోతే రవాణా ఎంతోకాలం సాగదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణం నడుపుతున్న వాడిగా ఈ వ్యాపారాల స్థితిని, వాటికి కావలసిన తోడ్పాటును మీ పాఠకుల ముందూ అధికారుల ముందూ ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చెన్నై–కోల్‌కతా మార్గమైన 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి వచ్చే 65వ నంబరు రహదారి కలిసే చోటు కావడం వల్లనే విజయవాడ లారీల ఊరయింది. పటమట పక్కన 1960ల్లో ఏర్పడిన ఆటోనగర్ ఆ కలయిక మీదనే పెరిగింది. బయటివారికి అంతగా తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. కంపెనీ నుంచి ఉత్త ఛాసిస్‌గా, అంటే బాడీ లేని చట్రంగా, వచ్చిన బండి ఇక్కడి షెడ్డులో చేరి, వడ్రంగి, వెల్డరు, టింకరు, పెయింటరు, సీట్లు కుట్టేవారు, వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ చేతుల మీదుగా నడిచి లారీగా బయటికి వెళుతుంది. అయితే వీరిలో చాలామంది ఒకే యజమాని కింద పనిచేసే జీతగాళ్లు కారు, ఎవరి పని వారు ఒప్పుకొని చేసే వేర్వేరు చిన్న వ్యాపారులు. బండి రోడ్డెక్కిన తరువాత దానికి రేడియేటర్ షాపు, డైనమో, సెల్ఫ్ మోటారు బాగుచేసే షాపు, లేతు మెషిను, పట్టాలు కుట్టే దుకాణం, పంచరు షాపు, కాటా అవసరమవుతాయి. ఒక లారీ చుట్టూ ఇన్ని కుటుంబాల జీవనం అల్లుకొని ఉంది. సూర్యాపేట, కోదాడ, నెల్లూరు, కర్నూలు, గాజువాక, ఎక్కడ చూసినా పరిమాణంలో తేడాయే తప్ప అల్లిక ఇదే.

ఈ వ్యాపారాలు పుట్టే పద్ధతి కూడా ప్రత్యేకమైనది. పదో తరగతి దాటని కుర్రవాడు ఒక మేస్త్రీ దగ్గర చేరి, పానాలు అందించడంతో మొదలుపెట్టి, కొన్నేళ్లకు పని చేతికి వచ్చాక ఒక చిన్న షెడ్డు అద్దెకు తీసుకొని సొంతంగా బోర్డు పెట్టుకొంటాడు. అతని పెట్టుబడిలో పనిముట్ల పాలు తక్కువ, డ్రైవర్లతోనూ లారీ ఓనర్లతోనూ పెంచుకొన్న పరిచయం, నమ్మకం ఎక్కువ. బ్యాంకు మొహం చూడకుండా, ఏ పథకమూ అందకుండా ఇన్ని వందల షాపులు నిలబడ్డాయంటే కారణం ఇదే. లారీ కేవలం ఇనుము, డీజిల్, గ్రీజులతో నడిచే యంత్రంగా ఉన్నంతకాలం ఈ దారి చక్కగా పనిచేసింది.

ఇప్పుడు లారీ మారింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వాహనాల పొగకు హద్దులు పెట్టే భారత్ స్టేజ్–6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక ఇంజనును, పొగను శుద్ధిచేసే ఏర్పాటును సెన్సార్లు కనిపెట్టుకొని ఉంటున్నాయి. పొగను శుద్ధిచేయడానికి వాడే, నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ఆడ్‌బ్లూ ద్రావణం అయిపోయినా, నాసిరకం పోసినా ఇంజను తన శక్తిని తానే తగ్గించుకొంటుంది. లోపం ఎక్కడుందో చెవితో విని, చేత్తో తడిమి చెప్పగల మేస్త్రీకి ఇక్కడ స్కానర్ కావాలి, అందులో ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, కోడ్ నంబరుకు అర్థం చెప్పే పుస్తకం కావాలి. మార్కెట్లో దొరికే స్కానర్లు లోపం పేరు చూపిస్తాయి కాని, సెన్సార్ మార్చిన తరువాత ఇంజనును నడిపించే కంప్యూటరైన కంట్రోల్ యూనిట్‌లో చేయవలసిన మార్పుకు చాలాసార్లు కంపెనీ అనుమతి అడుగుతాయి. ఆ అనుమతి బయటి షాపుకు అందదు. ఫలితంగా కొన్ని వందల రూపాయల వైరింగ్ లోపానికి కూడా నిండు లోడుతో ఉన్న బండిని ఎంతో దూరం లాగించుకొని అధీకృత వర్క్‌షాపుకు తీసుకుపోవలసి వస్తోంది. అక్కడ వరుసలో నిలబడినన్ని రోజులూ కిరాయి పోతుంది, ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు. మా దుకాణానికి వచ్చే ఒక చిన్న ఓనరు ఈ కారణంగానే, నడుపుకోగలిగిన వయసులో ఉన్న బండిని అమ్మేశాడు.

కొత్త ప్రమాణాలు అనవసరమని నేను అనడం లేదు. లారీల పొగ మధ్య రోజంతా పనిచేసే ఆటోనగర్ వారికంటే వాటి అవసరం తెలిసినవారు ఎవరుంటారు? నా అభ్యంతరమల్లా, లారీకి కొత్త నిబంధన తెచ్చిన ప్రతిసారీ తయారీదారుకు గడువు ఇస్తారు, రవాణాదారుకు గడువు ఇస్తారు, దాన్ని బాగుచేయవలసిన చిన్న వ్యాపారి మాత్రం ఆ ఉత్తర్వులో ఎక్కడా కనిపించడన్న దానిపైనే.

ఈ విషయంలో దేశంలో దారి వేయడం ఇదివరకే మొదలైంది. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వకుండా చేస్తున్నందుకు 2014 ఆగస్టులో వ్యాపారంలో పోటీ సక్రమంగా సాగేలా చూసే కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించి, మోటారు వాహనాలను కూడా అందులో చేర్చింది. ఆ పోర్టల్‌లో సమాచారం పెట్టడం కంపెనీల ఇష్టానికి వదిలిన విషయంగా మిగిలిపోకూడదు. భారీ వాహనాల విషయంలో సర్వీసు పుస్తకాలు, లోపాల కోడ్‌లు, సాఫ్ట్‌వేర్ సరసమైన రుసుముకు ఎవరికైనా అమ్మవలసిందేనని వాహన ఆమోదం ఇచ్చే సమయంలోనే షరతు పెట్టాలి. మేము ఉచితంగా అడగడం లేదు, కొనుక్కుంటాము.

కొన్నా ఒక్కొక్క షాపు ఒక్కొక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం సాధ్యం కాదు కనుక, కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈ) శాఖ, ఒకేచోట ఉన్న చిన్న పరిశ్రమల కోసం నడిపే క్లస్టర్ పథకం కింద ఉమ్మడి సదుపాయ కేంద్రాలకు ఇచ్చే గ్రాంటును ఆటోనగర్‌లు వాడుకోవాలి. ఒక చోట స్కానర్లు, ఇంజెక్టర్ పరీక్షించే బెంచి, వీల్ బ్యాలెన్సింగ్ యంత్రం ఉంటే, చుట్టుపక్కల ఉన్న షాపులన్నీ గంటల లెక్కన వాడుకొని చెల్లిస్తాయి. ఐటీఐలో ఏడాది పాటు నేర్పే డీజిల్ మెకానిక్ కోర్సు విద్యార్థులను అదే కేంద్రానికి పంపితే, చేతిపని తెలిసిన పాత మేస్త్రీకి స్క్రీను చదవడం వస్తుంది, స్క్రీను చదవడం వచ్చిన కుర్రవాడికి చేతిపని వస్తుంది. ఇందుకు ముందుగా ప్రత్యేక సంస్థగా నమోదు కావడం, స్థలం చూపడం, తమ వాటా సొమ్ము కూడగట్టడం చేయాలి. మా వ్యాపారుల సంఘాలు ఈ పనిమీద చూపవలసినంత శ్రద్ధ చూపలేదని కూడా నిష్ఠూరంగానైనా చెప్పక తప్పదు.

బాడీ కట్టే వృత్తి పరిస్థితి ఇంతకంటే సున్నితమైనది. క్యాబిన్‌కు, సరుకు తొట్టికి, ట్రైలర్‌కు ఎలా కట్టాలో చెప్పే ఏఐఎస్–093 ప్రమాణం వచ్చింది. కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌లో 2025లో ఏసీ తప్పనిసరి అయింది. మే నెలలో బందరు నుంచి నాగపూర్ దాకా బండి నడిపే మనిషికి ఆ చల్లదనం ఎప్పుడో దక్కవలసింది. అయితే క్యాబిన్ అంతా కంపెనీలోనే తయారై వస్తున్న కొద్దీ, ఇక్కడ క్యాబిన్ కట్టేవారి పని తరిగిపోతోంది. తమిళనాడులోని నామక్కల్, తిరుచెంగోడు ప్రాంతాలు ట్యాంకర్లు, బోర్‌వెల్ రిగ్గుల వంటి ప్రత్యేక బాడీల వైపు వెళ్లి నిలబడ్డాయి. మనకు ఆక్వా ఎగుమతులున్నాయి, మామిడి ఉంది, గుడ్లు, కోళ్ల రవాణా ఉంది, సిమెంటు ఉంది. శీతల కంటైనర్లు, పశుదాణా ట్యాంకర్లు, తేలికపాటి తొట్లు కట్టే పని భీమవరం, తాడేపల్లిగూడెం దగ్గరున్న మనకు రాకుండా పోవలసిన కారణం లేదు. డిజైనుకు ఆమోదం పొందే ఖర్చును చిన్న బాడీ బిల్డర్లు పదిమంది కలిసి ఒకే నమూనాకు భరించేలా పరిశ్రమల శాఖ సాయపడితే ఈ మార్పు వేగంగా జరుగుతుంది. అలాగే లారీ ఏసీకి గ్యాస్ నింపడం, కంప్రెసర్ బాగుచేయడం రహదారి పక్కన ఇక ముందు నిలకడగా సాగే కొత్త వ్యాపారం అవుతుంది. పెట్టాలనుకునే యువకులకు ఇది ఇప్పుడే మంచి సమయం.

ఇక డబ్బు సంగతి. మా వ్యాపారాలు మూతపడేది పని లేక కాదు, చేసిన పనికి డబ్బు సకాలంలో చేతికి రాక. దేశంలో ఎక్కువ లారీలు అయిదులోపు బండ్లున్న చిన్న ఓనర్ల చేతుల్లో ఉన్నాయి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు డీజిల్‌కు సరిపడా అడ్వాన్సు ఇచ్చి, సరుకు దింపిన రసీదు తిరిగి వచ్చాక మిగతా కిరాయి చెల్లిస్తుంది; అందుకు వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ఈ మధ్యలో ఓనరు ముందుగా ఫైనాన్సు వాయిదా కడతాడు, ఎందుకంటే కట్టకపోతే బండి పోతుంది. తరువాత డీజిల్, టోలు, డ్రైవరు బత్తా. చివరికి మిగిలితే విడిభాగాల దుకాణానికి, మేస్త్రీకి. అడిగితే పరిచయం చెడుతుంది, అడగకపోతే దుకాణం చెడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీలపైనా, విడిభాగాలపైనా జీఎస్‌టీ 18 శాతానికి తగ్గడం వల్ల సరుకులో ఇరుక్కొనే పెట్టుబడి కొంత తగ్గింది. అది మేలే, కాని ఖాతా పుస్తకంలో ఇరుక్కొన్న సొమ్ముకు అది జవాబు కాదు.

చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు 45 రోజుల లోపు చెల్లించాలి. 2021 జూలైలో చిల్లర, టోకు వ్యాపారులకు కూడా చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యం నమోదు అవకాశం ఇచ్చారు కాని, దానిని బ్యాంకులు ఇచ్చే ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేసినందువల్ల విడిభాగాలు అమ్మే వారికి ఆలస్య చెల్లింపుల రక్షణ లేదు. ఒకే లారీకి పని చేసిన మేస్త్రీకి ఉన్న రక్షణ, ఆ పనికి సామాను ఇచ్చిన దుకాణానికి లేకపోవడం సమంజసం కాదు, దీన్ని సవరించాలి. 250 కోట్లకు పైగా టర్నోవర్ ఉన్న కంపెనీలు, చిన్న వ్యాపారుల బిల్లులపై ముందుగా డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదిక ట్రెడ్స్‌లో నమోదు కావాలని నిబంధన వచ్చింది. పెద్ద రవాణా సంస్థల బండ్లు చూసే వర్క్‌షాపులు తమ బిల్లులను ఆ వేదికలో పెట్టించి ముందుగా డబ్బు తీసుకోవచ్చునన్న సంగతి మాలో చాలామందికి తెలియదు. జిల్లా పరిశ్రమల కేంద్రం వారు ఒక్కసారి ఆటోనగర్‌కు వచ్చి తెలుగులో వివరించినా ఎంతో ఉపయోగం. చేతివృత్తుల వారికి తోడ్పడేందుకు 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి, వడ్రంగి ఉన్నారు గాని వెల్డరు, కమాను మేస్త్రీ, లారీ ఎలక్ట్రీషియన్, టింకరు లేరు. వీరిని కూడా చేర్చాలి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా రుణ పరిమితిని 2024లో 20 లక్షలకు పెంచారు కాని, అది పాత రుణం తీర్చిన వారికే దక్కుతుంది. బ్యాంకు గడప ఎన్నడూ తొక్కని మేస్త్రీ అంతదాకా వెళ్లాలంటే మొదటి చిన్న రుణం పూచీకత్తు అడగకుండా అందాలి.

చివరగా ఒక తక్షణ విషయం. విజయవాడ పశ్చిమ బైపాస్ చిన అవుటపల్లి దగ్గర మొదలై, గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి, కాజ దగ్గర మళ్లీ 16వ నంబరు రహదారిలో కలుస్తుంది. ఊరిమీదుగా పోయే లారీలు అటు మళ్లితే నగరానికి రద్దీ తగ్గుతుంది. దానితోపాటు ఆటోనగర్‌కు రోజూ దారిలో వచ్చే పని కూడా తగ్గుతుంది. అటువంటి రహదారుల పక్కన పార్కింగు, భోజనం, మరమ్మతు సదుపాయాలకు కేటాయించే స్థలాలు సాధారణంగా పెద్ద మొత్తం పెట్టి టెండరు పాడుకోగలిగిన సంస్థలకే దక్కుతాయి. అక్కడ లారీలు నిలిపే చోట పదీ పదిహేను చిన్న షెడ్లను టైర్లు, ఎలక్ట్రికల్, ఏసీ, వెల్డింగ్ పనులు చేసే స్థానిక మేస్త్రీలకు నెలవారీ అద్దెకు విడిగా కేటాయించాలని, త్రీఫేజ్ విద్యుత్తు, నీరు, వాడిన ఆయిలు సేకరించే ఏర్పాటు కల్పించాలని జాతీయ రహదారుల ప్రాధికార సంస్థను, రాష్ట్ర రవాణా శాఖను కోరుతున్నాను. ఆ స్థలాల టెండర్లు పూర్తయ్యాక ఈ మాట చెప్పినా ప్రయోజనం ఉండదు కనుక, టెండరు పత్రంలోనే ఈ షరతు చేర్చవలసిందిగా నా విన్నపం.

ఇట్లు,
లారీ విడిభాగాల వ్యాపారి,
ఆటోనగర్, విజయవాడ