అడవి పట్టాల పనితనాన్ని రికార్డు చేయండి

సంపాదకుడు గారికి,

రుమేనియాలోని వాసెర్ లోయలో 760 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మీద ఇప్పటికీ అడవి దుంగలు మోసే రైలుంది. ఆ వీడియో చూపించి మా మనవడు ‘పట్టాలన్నీ అతుకుల బొంత, తాతా’ అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట మీదుగా నల్లమలలో మీటర్ గేజ్ ఉన్నప్పుడు నేను కీమ్యాన్‌ని, అంటే రోజూ పట్టాల వెంట నడిచి వాటిని సరిచూసేవాణ్ని. పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క స్లీపర్‌లో మేకు వదులైతే కొత్త స్లీపర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే బండి ఆగదు కదా! గట్టి కర్రను చీలలా చెక్కి, తారులో ముంచి, ఆ రంధ్రంలో దిగ్గొట్టి, మళ్లీ మేకు కొట్టేవాళ్లం. సుత్తి దెబ్బ ఠంగుమంటే పట్టు దొరికినట్టు. డొప్పుమంటే లోపల డొల్ల. తర్వాత గేజ్ బార్ పెట్టి 1000 మిల్లీమీటర్లు సరిచూస్తే గానీ మేస్త్రి మమ్మల్ని కదలనిచ్చేవాడు కాదు.

ఇందులో ప్రమాదమూ ఉంది. ఒకసారి తాత్కాలికంగా పెట్టిన చెక్క దిమ్మెను అందరం మరిచిపోయాం. వానలకు అది నలిగి పట్టా కుంగింది. పొద్దున్నే నడుస్తూ చూశాను కాబట్టి సరిపోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. అతుకు వేసిన రోజే, దాన్ని ఎప్పుడు తీయాలో కూడా రాసి పెట్టాలి.

ఈ పని తెలిసినవాళ్లం కొద్దిమందే మిగిలాం. రైల్వే అధికారులు మా పద్ధతులను వీడియో తీయించాలి. పాత బీటర్లు (స్లీపర్ల కింద కంకర దట్టించే పనిముట్లు), గేజ్ బార్లు తుక్కుకు పోకుండా నంద్యాల స్టేషన్లో ఒక మూల ఉంచాలి. పిలిస్తే వచ్చి చీల చెక్కి చూపిస్తాను.

– ఒక రిటైర్డ్ కీమ్యాన్, కల్లూరు, కర్నూలు