ద్వారకానగర్ జిరాక్స్ బాబాయిగారికి

రాత్రి పదకొండున్నరయింది. పొద్దున్నే ఒక కంపెనీ రెండో రౌండ్ ఇంటర్వ్యూ ఉంది. అయినా ఈ థాంక్స్ రాయకుండా నిద్ర పట్టేలా లేదు.

నా ఉద్యోగం పోయి ఇవాళ్టికి 47 రోజులు. తొమ్మిదేళ్లు రోజూ విశాఖ మధురవాడ నుంచి రుషికొండ ఐటీ హిల్‌కి వెళ్లొచ్చాను. పావుగంట మీటింగ్‌తో అంతా అయిపోయింది. మావారు, అత్తయ్యగారు, అమ్మ పక్కనే ఉన్నారు, వాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపు నడిపే ఒక పెద్దాయన గురించి. పేరు రాయొద్దన్నారు.

జాబ్ మేళా కోసం రెజ్యూమే ఇరవై కాపీలు తీయిద్దామని వెళ్లాను. మొత్తం నాలుగు పేజీలు. మొదటి కాపీ రాగానే ఆయన మిషన్ ఆపేశారు. "ఇదంతా ఏటమ్మా? పదహారేళ్లుగా ఇవే తీస్తున్నాను. ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తెచ్చిన పిల్లలవి ఒకటో రెండో పేజీలే" అన్నారు.

అంతే, ఏడుపొచ్చేసింది. అప్పటిదాకా ఇంట్లో ఎవరి ముందూ ఏడవలేదు. అక్కడ, వెనకాల కోచింగ్ పిల్లలు నిలబడి ఉండగా ఏడ్చాను. ఏమైందని ఆయన అడగలేదు. "మిషన్ వేడెక్కింది బాబూ, పది నిమిషాలాగి రండి" అని పిల్లల్ని పంపేశారు. మిషన్‌కేమీ కాలేదు. నన్నెవరూ చూడకూడదని అలా చెప్పారు. స్టూలు వేశారు, ఫ్యాను నావైపు తిప్పారు. ఆ ఫ్యాను తిప్పడం తలుచుకుంటే ఇప్పుడు కూడా కళ్లు నిండుతున్నాయి.

కాసేపాగి, "నువ్వు చేసే పనేంటో నాకర్థమయ్యేలా చెప్పు" అన్నారు. బ్యాంకు యాప్‌లో ఒకే పేమెంటుకి డబ్బు రెండుసార్లు కట్ కాకుండా పరీక్షించేదాన్నని చెప్పాను. "మరి అది ఇందులో ఎక్కడుందమ్మా?" అన్నారు. ఎక్కడా లేదు. తండ్రి పేరు, హాబీలు, డిక్లరేషన్, సగం మర్చిపోయిన టూల్స్ జాబితా, అన్నీ ఉన్నాయి. నేను చేసిన పని మాత్రం లేదు.

ఆయన కంప్యూటర్ మీదే రెండు గంటలు కూర్చుని ఒక్క పేజీకి తెచ్చాను. ఇరవై కాపీలకి నలభై రూపాయలే తీసుకున్నారు. ఎక్కువిస్తే, "ఆఫర్ లెటర్ ప్రింటుకి రా, కలర్‌లో తీస్తాను" అన్నారు. ఆ పేజీతోనే ఇప్పటికి నాలుగు ఇంటర్వ్యూ కాల్స్ వచ్చాయి.

ఇంకో మాట చెప్పకపోతే నా కడుపు మంట చల్లారదు. తీసేసింది వాళ్లు, రాజీనామా రాయించుకున్నది నాతో. కాగితం మీద నేనే మానేసినట్టు! గ్రాట్యుటీ, అదే ఏళ్ల తరబడి పనిచేసినందుకు మానేటప్పుడు ఇచ్చే డబ్బు, 30 రోజుల్లో ఇవ్వాలని చట్టం ఉంది, ఇంతవరకూ రాలేదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే ఉంది. నా ఖాతాలో అది సరిచేయాలంటే మళ్లీ ఆ కంపెనీయే ఆమోదించాలట. మెయిళ్లకి జవాబు లేదు. మన తెలుగువాళ్లలో ఈ ఇంటిపేరు తిప్పలు ఎంతమందికున్నాయో! ఉద్యోగంలో ఉండగానే చూసుకోండి, దయచేసి.

అయ్యో, పబ్లిక్ లైబ్రరీలో రోజూ కిటికీ పక్క కుర్చీ ఉంచిన స్టాఫ్‌కి, టెస్టింగ్ ఆటోమేషన్ నోట్స్ పంపిన పాత టీమ్ తమ్ముడికి, ఆ రోజు టీ తెచ్చిన షాపు కుర్రాడికి కూడా థాంక్స్. పై వాటా ఆంటీని మర్చిపోయాను, ఇంటర్వ్యూలప్పుడల్లా పాపని చూసుకున్నది ఆవిడే. రేపు కూడా ఆవిడే చూసుకుంటారు.