పదేళ్ల పెట్రోలుతో కారు లేవదురా

ఒరే మూర్తీ,

నీ నవల అధ్యాయాలు అందాయి. ఆపకుండా చదివించావు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే తర్వాత నన్ను తిట్టుకుంటావు. పదేళ్లు భూగర్భ గదుల్లో దాక్కున్న నీ జనం బయటికొచ్చి, రోడ్డు పక్కన దుమ్ము కొట్టుకుపోయిన కారు తాళం తిప్పగానే ఇంజన్ గుర్రుమని లేచింది చూడు, సరిగ్గా అక్కడ నేను ఆగిపోయాను. సినిమాల్లో ఎలాగూ ఇదే చేస్తారు, నువ్వు కూడానా? బ్యాటరీ సంగతి పక్కన పెట్టు, ఆ ట్యాంకులో ఉన్నది అప్పటికి పెట్రోలు కాదు. సాంకేతికంగా తప్పులుంటే చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల కలగూరగంప. అందులో బ్యూటేన్, పెంటేన్ లాంటి తేలికపాటివి ఉంటేనే చల్లటి ఇంజన్ మొదటిసారి అంటుకుంటుంది. అన్నిటికంటే ముందు ఎగిరిపోయేవీ అవే. కర్పూరం డబ్బాకి మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుందో ఇక్కడా అంతే. మిగిలిన ద్రవం మీద అగ్గిపుల్ల వేస్తే భగ్గుమంటుంది, అనుమానం లేదు. కానీ చల్లటి సిలిండర్‌లో చాలినంత ఆవిరవ్వదు, ఇంజన్ అందుకోదు. మండుతోంది కదా, బాగానే ఉందిలే అనుకునేవాళ్లు అక్కడే పొరబడతారు.

ఇక గాలి. రిఫైనరీలో పెద్ద అణువుల్ని విరగ్గొట్టి పెట్రోలు తీసేటప్పుడు ఓలెఫిన్లు అనే రకం పుడతాయి. ఇవి ఆక్సిజన్‌తో ఇట్టే కలిసిపోయి పెరాక్సైడ్లు అవుతాయి, అవి పక్కవాటిని కూడా లాగుతాయి, చివరికి బంక తేలుతుంది. రంగు ముదురుతుంది, వాసన పుల్లగా, వార్నిష్‌లా మారుతుంది. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల సన్నటి రంధ్రాలు పూడుకుపోవడానికి ఆ బంక కొంచెం చాలు. వేడి ఎక్కువైనా, ఎక్కడైనా రాగి తగిలినా ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. దీన్ని ఆపడానికి కలిపే యాంటీ ఆక్సిడెంట్లు కొన్నాళ్లు కాపలా కాసి తామే ఖర్చయిపోతాయి. దీనికో పరీక్ష ఉంది, నాకు భలే ఇష్టం. పెట్రోలుని గట్టి పాత్రలో ఆక్సిజన్ ఒత్తిడి మధ్య 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, ఆ ఒత్తిడి పడిపోవడం ఎప్పుడు మొదలవుతుందో చూస్తారు. అంటే పెట్రోలు ఆక్సిజన్‌ని పీల్చకుండా ఎంతసేపు నిలబడగలదో కొలుస్తారన్నమాట. అమెరికా ప్రమాణం ప్రకారం కనీసం 240 నిమిషాలు, యూరప్‌లో 360.

ఇథనాల్ కలిసిన పెట్రోలైతే నీటి గొడవ కూడా తోడవుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడెక్కి గాలి వదులుతుంది, రాత్రి చల్లబడి తేమగాలి పీలుస్తుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు సుమారు అర శాతం నీటిని తనలో ఇముడ్చుకోగలదు. అంతకు మించితే ఇథనాలూ నీళ్లూ జట్టుకట్టి అడుక్కి దిగిపోతాయి. పంపు తోడుకునేది ఆ అడుగు నుంచే! పైన మిగిలిన పెట్రోలుకి ఇథనాల్ ఇచ్చిన ఆక్టేన్ బలం, అంటే ఇంజన్‌లో ముందే అంటుకోకుండా నిలబడే గుణం, కూడా పోతుంది. ఒకసారి ఇలా విడిపోయాక ఏ మందు పోసినా బాగుపడదు, మొత్తం తోడి పారబోయాల్సిందే.

అంకెలు కావాలంటావు, నాకు తెలుసు. మామూలుగా చెప్పే లెక్క ఇది: ఇథనాల్ కలిసినదైతే మూడు నెలలు, లేనిదైతే ఆరు నెలలు. తాజాగా ఉన్నప్పుడే స్టెబిలైజర్ అనే నిలవ మందు కలిపి, నిండుగా నింపి, చల్లటి చోట బిగించి పెడితే ఏడాది, మహా అయితే రెండేళ్లు. గడువు తీరిన రోజే పాడైపోతుందని కాదు. కాస్త పాతదాన్ని తాజా పెట్రోలులో కలిపి వాడేసేవాళ్లు బోలెడంత మంది. కానీ ఎండా వానల్లో వదిలేసిన కార్లో పదేళ్లా? వదిలెయ్.

డీజిల్ ఇంత తేలిగ్గా ఎగిరిపోదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిశ్చింతగా ఉంటుంది, శ్రద్ధగా చూసుకుంటే ఇంకా ఎక్కువే. దాని శత్రువు మాత్రం ప్రాణమున్న జీవి. ట్యాంకు అడుగున సన్నటి నీటి పొర చేరితే చాలు, నీరూ నూనే కలిసే గీత దగ్గర బూజు పుడుతుంది. హార్మోకోనిస్ రెసినే అని దాని పేరు, 'కిరోసిన్ ఫంగస్' అని కూడా అంటారు. నీళ్లలో బతుకుతూ నూనెను తింటుంది. గోధుమరంగులో జారుడుగా పేరుకుని ఫిల్టర్లు మూసేస్తుంది. అందుకే ఆసుపత్రుల జనరేటర్లలాంటి వాటికి ఏళ్ల తరబడి నిలవ ఉంచే డీజిల్‌ని అప్పుడప్పుడూ పంపుతో తిప్పి, వడకట్టి, నీళ్లు తీసేస్తుంటారు.

ఇదే బూజు జెట్ విమానాల రెక్కల్లో ఉండే ఇంధన ట్యాంకుల్లోనూ కాపురం పెడుతుంది. నీ ఎనిమిదో అధ్యాయంలో ఎయిర్‌పోర్టు ఉంది కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. జెట్ ఇంధనం అంటే శుద్ధి చేసిన కిరోసిన్. పెట్రోలు కంటే ఎన్నో రెట్లు నిలకడైనది. కానీ విమానం పైకెక్కాక రెక్క గడ్డకట్టేంత చల్లబడుతుంది, ఇంధనంలో కరిగిన నీరు బయటపడి అడుగున చేరుతుంది, బూజుకి ఇల్లు దొరుకుతుంది. అది వదిలే ఆమ్లాలు అల్యూమినియాన్ని తింటాయి, ఇంధనం కొలిచే పరికరాలు తప్పు చూపిస్తాయి. 2020లో ప్రపంచమంతటా వేల విమానాలు ఒక్కసారిగా నేలమీద ఆగిపోయినప్పుడు ఇంజనీర్లకు ఇదో పెద్ద టెన్షన్. ఎక్కువకాలం ఆపాల్సిన వాటిని స్పెయిన్‌లోని టెరుయెల్, అమెరికాలోని విక్టర్‌విల్, ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ లాంటి పొడి ప్రాంతాలకు తీసుకెళతారు. అక్కడ కూడా ట్యాంకులు పూర్తిగా ఖాళీ చెయ్యరు. గాలికి కదలకుండా బరువుండాలి, లోపలి సీళ్లు ఎండి పగలకుండా తడి ఉండాలి. ఎప్పటికప్పుడు అడుగు నీళ్లు మాత్రం తీస్తూనే ఉంటారు.

బూజుని చంపే మందు వేస్తే సరి అంటావేమో. ఆ మందూ తక్కువది కాదు. 2020 ఫిబ్రవరిలో లండన్ గాట్విక్ నుంచి బయల్దేరిన ఒక ఎయిర్‌బస్ ఏ321లో లేచిన కాసేపటికే రెండు ఇంజన్లూ మొరాయించాయి. అదృష్టం బాగుండి క్షేమంగా దించేశారు. దర్యాప్తులో తేలిందేమిటంటే, మిలియన్ పాళ్లకి ఇన్ని పాళ్లు అనే లెక్క తప్పి, వేయాల్సిన దానికి 38 రెట్లు మందు వేశారు. కొద్ది వారాలకే తయారీదారు ఆ మందుని విమానాల వాడకం నుంచి వెనక్కి తీసుకున్నాడు. సరిగ్గా ప్రపంచంలోని విమానాలన్నీ పార్కింగ్‌లోకి వెళుతున్న సమయంలో!

కాలం ఒక్కటే ఇంధనాన్ని పాడుచేస్తుందని నేను నమ్మనురా. గాలి, నీరు, వేడి, ఇవే అసలు దొంగలు. వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌకని చూడు. 1977లో బయల్దేరింది. 1980 తర్వాత ముట్టుకోని థ్రస్టర్లను, అంటే నౌకని అటూ ఇటూ నెట్టే చిన్న రాకెట్లను, 2017 నవంబరులో వెలిగిస్తే, ట్యాంకులోని హైడ్రజీన్ అనే ఇంధనంతో చక్కగా పనిచేశాయి. 37 ఏళ్లు! అందులోకి గాలి చొరబడే దారి లేదు, నీళ్లు లేవు. అమెరికా కూడా తన అత్యవసర నిల్వలో ప్రధానంగా పెట్రోలు దాచుకోదు, ముడిచమురునే ఉప్పు గుహల్లో దాస్తుంది. శుద్ధి చెయ్యని చమురే ఎక్కువకాలం నిలుస్తుంది.

సరే, నీ కథకి దారి చూపిస్తా. కారే కావాలంటే ఎల్పీజీతో నడిచేది పెట్టు. సిలిండర్ తుప్పు పట్టి కారకుండా ఉంటే లోపలి గ్యాస్ పదేళ్లయినా చెడిపోదు. లేదా పాతకాలపు డీజిల్ ట్రాక్టరు పెట్టి, ఎయిర్‌పోర్టులో మూసి ఉన్న ట్యాంకు నుంచి వడకట్టిన జెట్ కిరోసిన్ పోయించు. అరుగుదల కాస్త ఎక్కువైనా నడుస్తుంది.

నాకు మాత్రం ఇంకో ఆశ ఉంది. ఏదో షెడ్డులో రెండు సీట్ల చిన్న విమానం దొరికిందనుకో. దానికి వాడేది ఏవ్‌గ్యాస్, అంటే చిన్న విమానాల పెట్రోలు. ఇందులో ఇథనాల్ ఉండదు, త్వరగా బంకయ్యే ఓలెఫిన్లు దాదాపు ఉండవు, తేలికగా ఎగిరిపోయే భాగమూ తక్కువే. 100ఎల్‌ఎల్ రకానికి నీలం రంగు కలుపుతారు కాబట్టి గాజు గ్లాసులోకి వంచి చూస్తే అడుగున రంగులేని నీటి బొట్లు ఇట్టే తెలిసిపోతాయి. పైలట్లు ఎగరబోయే ముందు చేసే పనే ఇది. సీలు తియ్యని డ్రమ్ములో చల్లగా ఉంటే ఏడాది దాటినా ఏమీ కాదు. పదేళ్లంటే అదీ సాహసమే, రెక్క ట్యాంకులోది నమ్మొద్దు, డ్రమ్ములోదే వాడించు. కానీ కార్లకు లేని సుగుణం ఒకటి దీనికుంది: నిప్పురవ్వ మాగ్నెటో నుంచి వస్తుంది, ఇంజన్ తిరిగితే తనే కరెంటు పుట్టించే పరికరం అది, బ్యాటరీతో పనిలేదు. చేత్తో ప్రొపెల్లర్ తిప్పి ఇంజన్ లేపొచ్చు. రెక్కలు ఇంజన్ కంటే పైనుండే రకమైతే ఇంధనం దానంతటదే కిందికి జారుతుంది, పంపు కూడా అక్కర్లేదు.

అయితే ప్రొపెల్లర్ తిప్పినవాడు ఆ మరుక్షణం వెనక్కి తప్పుకోవాలి, కాక్‌పిట్‌లో బ్రేకు తొక్కిపెట్టి ఇంకొకరు కూర్చోవాలి. నీ నవల్లోని ముసలి మెకానిక్‌నీ ఆ పిల్లనీ ఈ పనికి పెడతావని నా అనుమానం. ఎవరు ఎక్కడ నిలబడతారో తేల్చుకుని అధ్యాయం తిరగరాసి పంపు.

నీ
శ్రీను