లెన్స్ గదిలోని ఆ అమ్మాయికి

కుడికన్ను ఇంకా మండుతోంది, ఎడమకంటితో టైప్ చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదవండి. పోయిన శనివారం క్రాస్ లింకింగ్ (కంటి ముందుపొరని గట్టిపరిచే చికిత్స) అయింది, అది మానేదాకా కంటి మీద పెట్టిన బ్యాండేజ్ లెన్స్ నిన్న తీశారు.

నాకు కెరటోకోనస్. కార్నియా, అంటే కంటి ముందుపొర, పలచబడి శంకువులా ముందుకు వస్తుంది. ఆరేళ్లుగా కంట్లో పెట్టుకునే గట్టి లెన్సులే దిక్కు. అవి లేకపోతే మగ్గం వర్క్ చేసే నాకు ఒక్క సూది మూడుగా కనిపిస్తుంది.

కిందటేడాది ఒక చోట స్కాన్ చేసి, కార్నియా వంపు 51 డయాప్టర్ల (వంపు కొలత, పెరిగితే జబ్బు ముదిరినట్టు) నుంచి 49కి దిగింది, జబ్బు ఆగిపోయింది అన్నారు. స్వీట్లు కూడా పంచాం. మొన్న లెన్స్ గీతలు పడిందని ఇంకో ఆసుపత్రికి వెళ్తే, లెన్స్ గదిలోని అమ్మాయి కంట్లో రంగుచుక్క వేసి, నీలం లైటులో నా ఫోన్‌తోనే ఫొటో తీసి చూపించింది. చుట్టూ పచ్చగా మెరుస్తోంది, నడుమ నల్లటి మచ్చ. "అక్కా, ఈ నల్లటి చోటే లెన్స్ కార్నియాని ఒత్తుతోంది. ఆ స్కాన్‌కి ఎన్ని రోజుల ముందు లెన్స్ తీశారు?"

"అరగంట ముందు" అన్నాను. తను కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మగ్గానికి బిగించినంతసేపే బట్ట చదునుగా ఉంటుంది, విప్పితే మళ్లీ ముడతలే. నా కార్నియా కథా అదే. లెన్స్ అణిచిపెట్టిన ఆకారాన్నే స్కాన్ చూపించింది, జబ్బు మాత్రం లోపల పెరుగుతూనే ఉంది.

మూడు వారాలు లెన్స్ మానేయమంది. శ్రావణం ఆర్డర్లన్నీ పోయాయి. ప్రతి ఆదివారం తనే ఫోన్ చేసి "వేసుకోలేదు కదా అక్కా?" అని అడిగేది. మళ్లీ స్కాన్ చేస్తే 54. ఆ రోజు డ్యూటీ అయిపోయినా నా చెయ్యి పట్టుకుని కిందిదాకా వచ్చింది. "ఇంకా నాలుగే మెట్లు అక్కా" అంది. అక్కడే ఏడ్చేశాను. నా సొంత చెల్లెలు కూడా అలా లెక్కపెట్టలేదు.

తనకి థాంక్స్ చెప్పుకోవాలనే ఇదంతా రాస్తున్నా. అమ్మ, మా ఆయన ఎలాగూ ఉన్నారు.

స్కాన్‌కి ముందు లెన్స్ ఆపమని ఒక్కమాట చెప్పడానికి ఆ మొదటి చోటివాళ్లకి ఏం పోయింది? ఏడాది పోయింది నాకు. పైగా ఇన్సూరెన్సు వాళ్లు లెన్సంటే కళ్లజోడు లెక్కే, డబ్బులివ్వం అన్నారు. సోకు కోసం పెట్టుకుంటున్నామా?

అయ్యో, నా జాకెట్లు తను కుట్టి డబ్బులు నాకిచ్చిన పక్కింటి అక్కని మర్చిపోయా. రాత్రి పదకొండింటికి షట్టర్ ఎత్తి చుక్కలమందు ఇచ్చిన మెడికల్ షాపు అబ్బాయిని కూడా. బస్సులో కిటికీ సీటు ఇచ్చిన పెద్దాయన పేరైనా అడగలేదు.