ఎన్ని కుండలు దొరికాయి?

హనుమకొండ
ఆదివారం రాత్రి

శీనూ,

వద్దంటావని తెలిసే నీకు చెప్పకుండా కొన్నాను. ఇప్పుడు తిట్టినా లాభం లేదు కాబట్టి చదువు. మెటల్ డిటెక్టర్. పదకొండు వేలు. మా ఆవిడకు ఎనిమిదని చెప్పాను. ఈ ఉత్తరం ఆమె కంట పడకుండా చూసే పూచీ నాది, నోరు జారకుండా చూసుకునే పూచీ నీది.

అమ్మ ఉంగరం గుర్తుందా? మనం ఆరో తరగతిలో ఉన్నప్పుడు పత్తి చేనులో కలుపు తీస్తూ పోగొట్టుకుంది. సాళ్ల వెంట వంగి వెతుకుతుంటే నీకు తేలు కుట్టింది కదా, ఆ రోజు. అమ్మ ఇప్పటికీ ఏ పెళ్లికి వెళ్లినా ఖాళీ వేలు తడుముకుంటూ ఆ సంగతి ఎత్తుతుంది. ఆ ఉంగరం తెచ్చి చేతిలో పెడదామన్నది నా ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. తప్పంతా నేలదీ, యంత్రానిదీ, మా ఊరిదీ.

కింద పళ్లెంలా ఉండే భాగంలో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి మట్టిలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అక్కడ లోహముంటే అందులో చిన్న విద్యుత్తు పుడుతుంది, ఆ జవాబును రెండోది వింటుంది. ఇనుముకు ఒక అంకె, వెండికి ఒక అంకె తెర మీద కనబడతాయి. చదివినప్పుడు ఎంత బాగుందో! కానీ మన ఎర్ర చెలకలో మట్టికే ఇనుప గుణం ఉంది. పళ్లెం దించగానే నేలే కూయడం మొదలుపెట్టింది. దాన్ని మట్టికి తగ్గట్టు సరిచేసుకోవడం నేర్చుకునేసరికి రెండు ఆదివారాలు గడిచాయి.

అసలు దెబ్బ ఆ తర్వాత తెలిసింది. సన్నని బంగారు ఉంగరమైనా, చిన్న అల్యూమినియం రేకు ముక్కయినా దీనికి దాదాపు ఒకటే. రేకును పట్టించుకోవద్దని చెబితే ఉంగరాన్నీ వదిలేస్తుంది. పత్తి చేను కదా, పురుగుమందు సీసాల మూతి రేకులు ఎన్ని ఉంటాయో నీకు చెప్పాలా? ప్రతిదానికీ మోకాళ్ల మీద కూర్చుని తవ్వాను. పైగా నాణెమంత వస్తువు జానెడు లోతు దాటితే దీనికి అందడం కష్టం. ముప్పై ఏళ్లుగా నాగళ్లు, ట్రాక్టర్లు తిరగేసిన నేల అది. ఉంగరం ఏ గట్టు కిందకు చేరిందో!

మూడో ఆదివారం జరిగింది విను. చక్కటి మోత వచ్చింది, తవ్వాను. గుండ్రంగా, పచ్చగా మెరుస్తూ ఒకటి బయటపడింది. గట్టు మీద మేకలు కాసే పిల్లవాడు చూడనే చూశాడు. అది ఇరవై పైసల బిళ్ల, 1970 నాటిది, మీద తామరపువ్వు. అల్యూమినియం కలిసిన కంచు కాబట్టి ఆ పసుపు రంగు. చిన్నప్పుడు అందులో బంగారముందని నువ్వు దాచుకునేవాడివి చూడు, అదే. వాడికి చూపించాను కూడా. అయినా నేను బస్‌స్టాండు చేరేలోపు ఊళ్లో నాకు నిధి కుండ దొరికిందన్న మాట పాకిపోయింది. మరుసటి వారం చాయ్ కొట్టు దగ్గర పెద్దాయన ఒకరు కుశల ప్రశ్నలు వేయకుండానే, "ఎన్ని కుండలు దొరికాయి?" అన్నాడు.

సాయంత్రానికి మా చిన్నాన్న కొడుకు వచ్చాడు. నీళ్లు తాగాడు, వానల గురించి మాట్లాడాడు, అమ్మ ఆరోగ్యం అడిగాడు. చివరికి, "అన్నా, చేను పంచుకున్నాం గానీ కింద ఉన్నది తాతదే కదా" అన్నాడు. నాణెం అరచేతిలో పెట్టాను. గోరుతో గీకి చూశాడు. ఇంకా నమ్మలేదు.

వాణ్ణి తప్పుపట్టను. గుప్తనిధుల కోసం గుళ్ల దగ్గర తవ్విన వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. నిమ్మకాయలు, పసుపు, అర్ధరాత్రి గునపాలు. అలాంటి చోట చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేలో నడిచేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

అప్పుడు చట్టం చదివాను. కొనకముందు చదవవలసింది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఆ కాలంలో పది రూపాయలంటే మాటలా? ఇప్పుడు ఒక చాయ్. అంకె మాత్రం మారలేదు. ఇక నూరేళ్లు దాటిన వస్తువుకు 1972 నాటి పురావస్తు చట్టం వేరే ఉంది. ఖిలా వరంగల్ వైపు వెళ్దామని ఒకప్పుడు ఉబలాటపడ్డాను, 1323లో కాకతీయుల కోట శత్రువుల చేతికి చిక్కినప్పుడు ఎవరు ఏం పాతిపెట్టారో అని. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల దాకా తవ్వకాలు నిషేధమట. పిల్లలకు తోరణాలు చూపించడానికి వెళ్లినా నేనే దొంగలా అటూ ఇటూ చూస్తున్నాను, యంత్రం ఇంట్లోనే ఉన్నా.

ఇప్పుడు నా పరిస్థితి చెప్పనా? మోత గట్టిగా వస్తే గుండె ఝల్లుమంటోంది, ఆశతో కాదు. కుండే అయితే? కలెక్టరు, చిన్నాన్న కొడుకు, చాయ్ కొట్టు పెద్దాయన, ముగ్గురికీ ఎవరు జవాబు చెప్పాలి? ఉంగరం తప్ప ఇంకేమీ దొరకకూడదని దండం పెట్టుకుంటూ వెతుకుతున్నాను.

అమ్మేద్దామనుకున్నాను. ఇంతలో నిన్న చిన్నాన్న కొడుకే ఫోను చేశాడు. వాడి గేదె పోయిన ఏడాది చచ్చిపోతే పశువుల డాక్టరు కోసి చూశాడట, కడుపులోంచి గుండెలోకి దిగిన తీగముక్క ఉందట. గడ్డితో పాటు మింగేసింది. ఇప్పుడు కొత్త గేదెను కొన్నాడు. "అన్నా, నీ మిషన్ మా గడ్డివాములో తీగముక్కల్ని పడుతుందా?" అన్నాడు. పట్టొచ్చు, ఇనుము కూత బాగానే వినిపిస్తుంది. వచ్చే ఆదివారం మోపు మోపుగా విప్పి చూస్తానని ఒప్పుకున్నాను. నువ్వూ రా. గడ్డి ఎత్తడానికి మనిషి కావాలి. తేళ్లు ఉండవని మాత్రం మాట ఇవ్వలేను.

నీ
రాజు