పని తగ్గింది, వర్క్‌షాపు నడుస్తుంది: మా కస్టమర్లకు ఒక ఉత్తరం

మా దగ్గర బల్లలు, బీరువాలు, మంచాలు చేయించుకున్న వాళ్లందరికీ నమస్కారం. కొంతకాలంగా చాలామంది ఒకటే అడుగుతున్నారు: "పని ఎలా ఉంది? వర్క్‌షాపు నడుస్తుంది కదా?" ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్తసరిగా చెప్పడం కన్నా ఉన్న సంగతి అందరికీ ఒకేసారి రాయడం మంచిదనిపించింది. అడ్వాన్సు కట్టినవాళ్లకైతే ఇది తెలుసుకునే హక్కు కూడా ఉంది.

పని తగ్గింది. మూసేసే పరిస్థితి మాత్రం లేదు. ముఖ్యంగా పెద్ద ఆర్డర్లు పలచబడ్డాయి. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఏ ఇంట్లోనైనా ముందు ఆగేది వాయిదా వేయగలిగిన ఖర్చే. మందులు, పిల్లల ఫీజులు ఆగవు. పాత బీరువా ఇంకో రెండేళ్లు వస్తుంది కాబట్టి కొత్తది ఆగుతుంది. అందుకే మాంద్యం వచ్చిందంటే వాహనాలు, ఫర్నిచర్ లాంటి ఏళ్ల తరబడి వాడుకునే వస్తువుల అమ్మకాలు త్వరగా పడిపోతాయి. 1930ల మహామాంద్యం రోజుల్లో ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ గట్టిగా వాదించిన విషయమే ఇది: ఒక్క కుటుంబం పొదుపు చేస్తే దానికి మేలు, అందరూ ఒకేసారి చేస్తే అందరి రాబడీ తగ్గుతుంది. ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం కదా. మీరు బీరువా ఆపుకుంటే మేం చెక్క కొనడం తగ్గిస్తాం, చెక్క అమ్మేవాళ్లు లారీని పిలవడం తగ్గిస్తారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మా ఇళ్లలో మేమూ అలాగే ఖర్చులు ఆపుకుంటున్నాం.

పని తగ్గడం కన్నా మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది డబ్బు ఆలస్యంగా చేతికి రావడం. బయటినుంచి చూసేవాళ్లకు ఇది అంతగా కనబడదు. చెక్క కొన్న రోజే డబ్బు కట్టాలి. కోసి, చిత్రిక పట్టి, అతికించి, పాలిష్ పెట్టేదాకా వారం వారం కూలి ఇవ్వాలి. అద్దె పని ఉన్నా లేకున్నా ఒకటే. ఇదంతా అయ్యి, వస్తువు మీ ఇంటికి చేరాక గానీ మిగతా సొమ్ము రాదు. ఆఫీసులకు చేసిన పనైతే బిల్లు ఇచ్చాక ఇంకా ఎన్నాళ్లో. పుస్తకంలో లాభం కనిపిస్తూనే ఉంటుంది, వారం చివర కూలి ఇద్దామంటే చేతిలో డబ్బు ఉండదు. లాభాల్లో ఉన్న చిన్న వ్యాపారం కూడా మూతపడేది ఇలాగే. దీనికోసం చట్టాలే వచ్చాయి. చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన సొమ్ము 45 రోజులు దాటకుండా ఇవ్వాలని భారతదేశం 2006లో చట్టం చేసింది. వ్యాపారుల మధ్య బిల్లులకు మామూలుగా 60 రోజులే గడువని ఐరోపా సమాఖ్య 2011లో నిర్ణయించింది. కానీ పెద్ద గిరాకీ పోతుందేమోనన్న భయంతో చిన్నవాళ్లు చట్టం ఉన్నా నోరెత్తలేరు.

అందుకే కొత్త ఆర్డర్లకు డబ్బు మూడు విడతల్లో తీసుకుంటాం. మొదటిది చెక్కకు, సామానుకు. రెండోది చట్రం బిగించాక, పాలిష్ పెట్టకముందు. ఆ దశలో మీరు తప్పకుండా వచ్చి చూడండి. అతుకులు ఎలా కూర్చున్నాయో, ఎక్కడైనా పగులు ఉందో పాలిష్ పడ్డాక తెలియదు. మూడోది వస్తువు ఇంటికి చేరిన రోజు. ఆఫీసు పనులకు సగం ముందు, మిగతా సగం 30 రోజుల్లోపు. మీరిచ్చిన మొదటి విడత వేరే ఖాతాలో ఉంటుంది. ఒకరి అడ్వాన్సుతో ఇంకొకరి చెక్క కొనడం మా వృత్తిలో ఉన్న అలవాటే. గిరాకీ బాగున్నప్పుడు అది ఎలాగో గడిచిపోతుంది, కొత్త ఆర్డర్లు ఆగిన రోజున మాత్రం చివర్లో అడ్వాన్సు ఇచ్చినవాళ్లు నష్టపోతారు. మా దగ్గర ఎవరికీ అలా జరగకూడదు.

"రేటు తగ్గించండి, పని అదే వస్తుంది" అని మా మంచి కోరేవాళ్లు చెబుతున్నారు. లెక్క చూడండి. 100కి అమ్మిన బల్లలో చెక్క, కూలి పోను 30 మిగులుతుందనుకుందాం. అద్దె, కరెంటు, అప్పు వాయిదాలు, మా కుటుంబాలు అన్నీ ఆ 30లోంచే. 90కి ఇస్తే మిగిలేది 20. అంటే రెండు బల్లలతో వచ్చిన మిగులు రావాలంటే మూడు అమ్మాలి. జనం కొనడమే తగ్గించిన రోజుల్లో ఆ మూడో బల్ల ఎవరు కొంటారు? ఇక పనిలోనే కోత పెట్టాలి: పలుచని ప్లైవుడ్, సరిగ్గా ఆరని చెక్క. అలాంటి వస్తువు మీ ఇంట్లో మా పేరుతో ఉండటం మాకు ఇష్టం లేదు.

ఖర్చు తగ్గించే దారి డిజైన్లో ఉంది. బీరువాకు ఇప్పుడు చట్రం, అరలు మాత్రం చేయించుకోండి, సొరుగులు, తలుపులు వీలైనప్పుడు బిగిస్తాం. దానికి తగ్గ కొలతలు ముందే పెట్టి ఉంచుతాం.

రిపేర్లు కూడా తీసుకుంటున్నాం, వేరేవాళ్లు చేసినవైనా సరే. నిజానికి ఇప్పుడు మా పనిలో నాకు ఎక్కువ తృప్తినిస్తున్నది ఇదే. బీరువా తలుపు వాలిపోతే చాలామంది ఇంకాస్త లావు స్క్రూ బిగిస్తారు, కొన్నాళ్లకు ఆ రంధ్రమూ అరిగిపోతుంది. మేం రంధ్రాన్ని శుభ్రంగా తొలిచి, గట్టి చెక్క మేకు ఒకటి జిగురు పూసి కొడతాం. రాత్రంతా ఆరనిచ్చి, పైకి వచ్చిన ముక్కను సమానంగా కోసి, సన్నటి రంధ్రం వేసి పాత స్క్రూనే బిగిస్తాం. తలుపు మళ్లీ నిటారుగా నిలబడుతుంది. నీళ్లు తాగి ఉబ్బిన పార్టికల్ బోర్డు మాత్రం తిరిగి మామూలు కాదు. అలాంటిది తెస్తే బాగుచేయించకండి అనే చెబుతాం.

మా దగ్గర పనిచేసేవాళ్లను ఎవరినీ తీసేయలేదు. పనివేళలు తగ్గించి ఉన్న పనిని అందరం పంచుకుంటున్నాం. నేను ఇంటికి తీసుకెళ్లే సొమ్ము ముందు తగ్గించాకే వాళ్ల గంటల జోలికి వెళ్లాను. చెక్క నార చూసి ఎటు కోయాలో చెప్పగలిగే చెయ్యి తయారుకావడానికి ఏళ్లు పడుతుంది. అలాంటివాళ్లను ఇప్పుడు పంపేస్తే పని పుంజుకున్నాక తిరిగి దొరకరు. సొంతంగా పని చేసుకునేవాళ్లందరికీ, మా పాలిష్ మేస్త్రీతో సహా, పని లేని నెలకు జీతం ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ రోజుల్లో అందరికన్నా నలిగిపోతున్నది వాళ్లే.

చెక్క నిల్వ తగ్గించాం, ఆర్డరు వచ్చాకే కొంటున్నాం. కాబట్టి వస్తువు చేతికి రావడానికి మునుపటికన్నా ఎక్కువ సమయం పడుతుంది. పెళ్లికో గృహప్రవేశానికో కావాలంటే తేదీ ముందే చెప్పండి. ఆ తేదీకి కాదనుకుంటే మొహమాటం లేకుండా కాదనే చెబుతాం.

మీ నుంచి కోరేది ఒక్కటే. కొలతలు తీసుకున్నాక మనసు మారితే, డబ్బు సర్దుబాటు కాకపోతే, "ఇప్పుడు వద్దు" అని ఒక్క మాట చెప్పండి. ఏమీ అనుకోం. మీకోసం పట్టి ఉంచిన రోజులను ఇంకొకరి పనికి ఇచ్చుకుంటాం. మీరు మళ్లీ అడిగేదాకా ఆ కొలతల కాగితం మా దగ్గర భద్రంగా ఉంటుంది.

ఇప్పటికే ఒప్పుకున్న ఆర్డర్లకు ఇవేవీ వర్తించవు. వాటికి అనుకున్న ధర, అనుకున్న తేదీ, అనుకున్న పద్ధతే.